గడప దాటని మందు

నాదెండ్ల అనగానే తెలుగువారిలో పెక్కుమందికి ముందుగా స్ఫురించునది ఒక ఇంటిపేరు. తిమ్మరుసు మేనల్లుడై, కృష్ణదేవరాయల కాలమున కొండవీటి సీమకు అధికారిగా నుండిన నాదెండ్ల గోపమంత్రిని చరిత్ర పాఠములలో చదివినవారు సైతము నాదెండ్ల ఒక ఊరని ఎరుగకపోవచ్చును. చిలకలూరిపేటకును నరసరావుపేటకును చేరువలో, ప్రత్తియు మిరపయు పండు సీమలో ఉన్నది ఆ ఊరు. 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలోనిది. అటుపిమ్మట కొత్తగా ఏర్పడిన పల్నాడు జిల్లాలో చేరినది. కాని ఈ వ్యాసము గోపమంత్రిని గూర్చినది కాదు. అటువంటి ఊళ్లలో ఆరోగ్య కేంద్రము ముందు బల్లపై కూర్చుండు గర్భిణులను గూర్చియు, వారికి అందుచున్న ఒక మందును గూర్చియు, అదే వీధిలో కాపురముండు మరియొక స్త్రీకి ఇంకను అందని ఆ జాతి మందును గూర్చియు నాలుగు మాటలు వ్రాయదలచినాను.

మొదట ఒక తప్పు ఒప్పుకొనవలెను. హెచ్.ఐ.వి. అను సూక్ష్మక్రిమిని గూర్చిన పాఠము వచ్చినపుడెల్ల, "ఇది ఇంటిదగ్గర చదువుకోండి" అని పుట త్రిప్పివేసిన ఉపాధ్యాయులలో నేనును ఒకడను. పిల్లలు నవ్వుదురని భయము. నిజమునకు భయపడినది పిల్లల నవ్వునకు కాదు, నా నోటి తడబాటునకు. ఆ తడబాటు ఒక తరగతి గదితో ఆగిపోవునది కాదని నాకు చాల ఆలస్యముగా తెలిసినది.

ప్రతి నెల 9వ తేదీన దేశమంతట ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగును. 2016లో మొదలైన ఏర్పాటిది. ఆ నాడు బల్లలు చాలవు. ఒక్కొక్క గర్భిణి వెంట తల్లియో, అత్తగారో, ఆశా కార్యకర్తయో ఉందురు. బరువు తూతురు, రక్తపు పోటు చూతురు, రక్తహీనత ఉన్నదేమో చూతురు. వ్రేలి కొనను కొత్త సూదితో గ్రుచ్చి, ఒక్క చుక్క తీసి, హెచ్.ఐ.వి. పరీక్షయు చేయుదురు. మనుమరాలి వెంట వచ్చిన అవ్వకు అనుమానము కలుగును.

"ఈ పరీచ్చ మా పిల్లకేనా, అందరికీనా అమ్మా?"

"అందరికీ అవ్వా. కలెక్టరుగారి ఇల్లాలు వచ్చినా ఇదే పరీక్ష."

అవ్వ మనస్సు కుదుటపడును. అందరికీ అన్నపుడు అందులో నింద లేదు. ఎవరి నడవడిని గూర్చియు ప్రశ్న లేదు. రక్తహీనతకు పరీక్ష యెట్లో ఇదియు అట్లే. ఈ చిన్న ఏర్పాటు ఎంత పని చేయుచున్నదో వైద్యులు చెప్పగా విన్నచో ఆశ్చర్యము కలుగును.

క్రిమి సోకిన తల్లికి ఏ చికిత్సయు లేకున్నచో, కడుపులో గాని, కాన్పు సమయమున గాని, చనుబాల వలన గాని నూరుమంది బిడ్డలలో 15 మొదలు 45 మంది వరకు ఆ క్రిమిని పొందుదురని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. సరియైన మందులు సరియైన వేళకు అందినచో ఆ సంఖ్య 5 కంటె తక్కువకు దిగును. మన దేశమున జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 1992లో ఏర్పడినది. తల్లినుండి బిడ్డకు సోకకుండ చూచు కార్యక్రమము 2002లో మొదలైనది. అప్పటి పద్ధతి మిక్కిలి పొదుపైనది: నొప్పులు మొదలైనపుడు తల్లికి నెవిరాపిన్ మాత్ర ఒక్కటి, పుట్టిన బిడ్డకు అదే మందు కొద్ది చుక్కలు. ఏమియు లేనిదానికంటె అది ఎంతయో మేలు. కాని తల్లి ఆరోగ్యమును గూర్చి ఆ మాత్ర ఏమియు పట్టించుకొనలేదు. బిడ్డ దక్కును, తల్లి ఏమగునో! 2014 జనవరి 1 నుండి ఆ పద్ధతి దేశమంతట మారినది. నేడు పరీక్షలో క్రిమి ఉన్నట్లు తోచిన గర్భిణిని, ఆమె అంగీకారముతో, మూడు విధముల పరీక్షించి నిర్ధారణ చేయుదురు. వెంటనే రోజునకొక మాత్ర మొదలుపెట్టి జీవితాంతము ఉచితముగా ఇత్తురు. పుట్టిన బిడ్డకు ఆరు వారములు నెవిరాపిన్ ద్రవము పట్టుదురు. ప్రమాదము ఎక్కువని తోచినచో మందు పెంచి పండ్రెండు వారములు కొనసాగింతురు. ఆరవ వారమున బిడ్డ మడమనుండి రక్తపు చుక్కలు కాగితముపై ఆరబెట్టి పరీక్షకు పంపుదురు. పదునెనిమిది నెలలు నిండిన పిమ్మట గాని తుది మాట చెప్పరు.

ఆ పదునెనిమిది నెలలు ఒక తల్లి ఎట్లు గడుపునో వ్రాయుటకు నాకు శక్తి చాలదు. కాని ఆ చివరి పరీక్షలో "లేదు" అని తేలి, బిడ్డను చంకనెత్తుకొని మామూలు బస్సులో మామూలు మనిషివలె ఇల్లు చేరిన తల్లులు ఈ జిల్లాలలో కలరు. వారు చెప్పుకొనరు. చెప్పుకొనవలసిన అవసరమును లేదు.

ఈ మందుల చరిత్రలో గుంటూరు సీమకు ఒక భాగమున్నది. ఎయిడ్స్‌నకు వచ్చిన మొదటి మందు జిడోవుడిన్. 1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ అను శాస్త్రజ్ఞుడు దానిని కాన్సరుకై తయారుచేసెను. అది కాన్సరునకు పనిచేయక మూలబడినది. 1987లో హెచ్.ఐ.వి.కి మందుగా అనుమతి పొందినది. అదే మందును గర్భిణులకిచ్చి చూడగా, బిడ్డలకు సోకుట నూటికి 25 నుండి 8కి తగ్గినదని 1994లో తేలినది. మందు రోగికే కాదు, రోగము రానివానికి రక్షయు కాగలదని ఈ వ్యాధి విషయమున లోకమునకు తెలిసినది అప్పుడే. అయితే దాని వెల ఏడాదికి వేల డాలర్లు. హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థలో గుంటూరువాడైన ఆళ్ల వెంకట రామారావుగారు దానిని చౌకగా తయారుచేయు మార్గము కనుగొనిరి. బొంబాయిలోని సిప్లా సంస్థ ఆ మార్గమున మందు తీసినది. 1970 నాటి మన పేటెంటు చట్టము మందునకు గాక, మందు చేయు విధానమునకు మాత్రమే హక్కు నిచ్చెడిది గనుక అది సాధ్యమైనది. 2001లో అదే సిప్లా మూడు మందుల చికిత్సను ఏడాదికి 350 డాలర్లకే ఇత్తునన్నపుడు ప్రపంచము నివ్వెరపోయినది. అంతకు ముందు దాని వెల పదివేల డాలర్లకు తక్కువ లేదు. 2004 ఏప్రిల్ 1న మన ప్రభుత్వము ఉచిత చికిత్స ఆరంభించినది. మొదటి విడతలో ఎన్నుకొన్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఎన్నుకొనుటకు కారణము గర్వింపదగినది కాదు. ఆ దినములలో వ్యాధి ఎక్కువగా నున్న రాష్ట్రములలో మనది ఒకటి. అందును గుంటూరు జిల్లా పేరు తరచు వినబడెడిది. అయితే ఎంత ఎక్కువ? ఈ ప్రశ్నకు సమాధానము వెదకిన తీరు మన పాఠ్యపుస్తకములకు ఎక్కదగినది. అప్పటివరకు ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చు గర్భిణుల రక్తమును, సుఖవ్యాధుల చికిత్సకు వచ్చువారి రక్తమును పరీక్షించి, ఆ పాళ్లనుబట్టి జిల్లా మొత్తమునకు లెక్క కట్టెడివారు. హైదరాబాదు అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి చెందిన లలిత్ దండోనా ప్రభృతులు 2004-05లో వేరొక పని చేసిరి. గుంటూరు జిల్లాలో పల్లెలకును పట్టణములకును పోయి, 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల 12,617 మందిని పరీక్షించిరి. క్రిమి సోకినవారు నూటికి 1.72 మంది అని తేలినది. జిల్లా మొత్తమున సుమారు 46 వేలు. ఆసుపత్రి లెక్క ప్రకారమైనచో లక్షా 12 వేలకు పైబడవలెను!

ఏల ఈ తేడా? ప్రభుత్వ ఆసుపత్రికి ఎక్కువగా పోవువారు బీదలు. పైగా ప్రైవేటు వైద్యులు క్రిమి ఉన్నదని తెలిసినవారిని ప్రభుత్వ ఆసుపత్రికి పంపివేసెడివారు. కనుక ఆసుపత్రి గడపవద్ద నిలుచుండి లెక్కించినవానికి ఊరు ఒక విధముగా కనిపించినది. ఇంటి గడపకు పోయినవానికి మరియొక విధముగా కనిపించినది. ఈ పరిశోధన 2006లో వెలువడినది. మరుసటి సంవత్సరము జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఫలితములును తోడై, 50 లక్షలకు పైబడి అనుకొన్న దేశపు సంఖ్య సుమారు 25 లక్షలకు దిగినది. తగ్గినదని సంతోషించి ఊరకుండుటకు వీలులేదు. నూటికి 1.72 అనగా ఆరుపదుల మందిలో ఒకరు. ఒక పెద్ద పెండ్లి పంక్తిలో ఒకరు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో అది 0.6 శాతము చుట్టుప్రక్కల నున్నది. దేశపు సగటు 0.2. దిగినది నిజము, దిగవలసినది ఇంకను ఉన్నది.

గడప మాట వచ్చినది గనుక దానినే పట్టుకొని ముందుకు పోదము. ఆరోగ్య కేంద్రములో పనిచేయు నర్సమ్మకు రోగి రక్తము అంటిన సూది పొరపాటున గుచ్చుకొన్నదనుకొనుడు. ఆ రక్తములో క్రిమి ఉన్నచో ఆమెకు సోకు అవకాశము వేయింట మూడు. తక్కువే, కాని ఆ రాత్రి ఆమెకు నిద్ర రాదు. ఆమెకు మార్గమున్నది. వీలైనంతలో రెండు గంటల లోపల, ఎట్లయినను 72 గంటలు దాటకుండ, మాత్రలు మొదలుపెట్టి 28 దినములు వాడవలెను. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రవిర్ అను మూడు మందులు కలిసిన మాత్ర అది. రోగులు వాడు మాత్రయే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితముగా లభించును. అత్యాచారమునకు గురియైన స్త్రీకిని ఈ మందు ఇయ్యవలెనని నియమము. కాని ఇచ్చట ఒక భేదము గమనింపుడు. నర్సమ్మ మందు అడిగినపుడు "నీకెందుకు?" అని ఎవరును అడుగరు, సూది సాక్ష్యమిచ్చును. రెండవ స్త్రీని మాత్రము పదిమంది పది ప్రశ్నలు వేయుదురు, అవతల 72 గంటలు గడచిపోవుచుండును.

ఇక నేను మొదట చెప్పిన పొరుగింటి స్త్రీ. ఒక ఇల్లాలిని ఊహించుకొందము, పేరు అక్కరలేదు. భర్త నూలుమిల్లులో రాత్రి పని చేయును. క్షయవ్యాధి అనుమానముతో ఆసుపత్రికి పోగా హెచ్.ఐ.వి. ఉన్నదని తేలినది. ఈమెకు పరీక్ష చేసిరి, లేదు. ఆమె గర్భిణి కాదు గనుక వెనుకటి "అందరికీ" అన్న మాట ఆమెకు వర్తింపదు. ఆమెకు రక్ష ఏమి?

మొదటి రక్ష భర్త మందే. చికిత్స త్వరగా మొదలైన భర్తనుండి భార్యకు, భార్యనుండి భర్తకు సోకుట నూటికి 96 పాళ్లు తగ్గినదని 2011లో ఒక పెద్ద పరిశోధన చూపినది. రక్తపరీక్షకు అందనంతగా క్రిమి అణగినవారినుండి సంసారమువలన రెండవవారికి సోకదని తరువాతి పరిశోధనలు స్థిరపరచినవి. 2017 ఏప్రిల్ నుండి మన దేశమున, క్రిమి ఉన్నదని తెలిసిన వెంటనే మందు ఇచ్చుచున్నారు. పూర్వమువలె రోగి క్షీణించువరకు కనిపెట్టుకొని యుండుట లేదు. భర్త మ్రింగిన మాత్ర భార్యకు కవచమగుట వైద్యచరిత్రలో వింతలలో ఒకటి. కాని కవచము గట్టిపడుటకు నెలలు పట్టును. మిరప కోతల కాలమున ఒక దినము కూలి పోగొట్టుకొని ఆయన పట్టణమునకు పోవునా, మాత్రలు తప్పక మ్రింగునా, బయటకు చెప్పక దాచునా — ఈ ప్రశ్నలన్నియు ఆమె చేతిలోనివి కావు.

ఆమె చేతిలో ఉండదగిన మందు వేరొకటి కలదు. క్రిమి లేనివారు ముందుగానే రోజునకొకటి మ్రింగు మాత్ర అది: టెనోఫోవిర్, ఎంట్రిసిటాబిన్ అను రెండు మందుల కలయిక. వైద్యులు దీనిని ముద్దుగా ప్రెప్ అందురు. కెన్యా, ఉగాండా దేశములలో సరిగా ఇట్టి దంపతులనే, ఒకరికి క్రిమి ఉండి ఒకరికి లేనివారిని, 4,747 జంటలను తీసికొని పరీక్షించిరి. ఈ మాత్ర ఇచ్చినవారిలో సోకుట నూటికి 75 పాళ్లు తగ్గినది. క్రమముగా మ్రింగినవారిలో అంతకంటె ఎక్కువ. 2012 జూలైలో అమెరికా అనుమతించినది. 2015లో, ప్రమాదము గణనీయముగా నున్నవారందరికిని ఇయ్యవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది. ఇది టీకా కాదు. మానినచో రక్ష పోవును. మొదలుపెట్టుటకు ముందు క్రిమి లేదని పరీక్ష కావలెను, మూత్రపిండముల పరీక్ష కావలెను, మూడు నెలలకొకసారి మరల రక్తము చూపవలెను. ఇతర సుఖవ్యాధులను ఆపదు. ఈ పరిమితులన్నియు చెప్పి ఇచ్చినచో మంచి మందు.

మన దేశమునకు ఇది కొత్త కాదు. కోల్‌కతాలో సోనాగాచి స్త్రీల సంఘమైన దర్బార్ మహిళా సమన్వయ కమిటీయు, మైసూరులో అశోదయ సమితియు గత దశాబ్దమున తమ సభ్యులకు ఈ మాత్రలు ఇచ్చి చూచినవి. రెండు చోట్ల కలిసి 1,300 పైచిలుకు స్త్రీలు వాడిరి. వారిలో ఎవరికిని క్రిమి సోకలేదు. చదువు లేనివారు రోజు రోజు మాత్రలు మ్రింగజాలరని పెదవి విరిచిన పండితులకు ఆ స్త్రీలు చెప్పిన జవాబిది. అయితే వారు మందు తీసికొన్నది తమ సంఘము నడుపు చోట, తమవారి చేతులమీదుగా. ఆ గడప వారిది. 2022లో జాతీయ సంస్థ ఈ మందు వాడుకకు మార్గదర్శకములు ప్రకటించినది. కాని పల్లెలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున ఉచితముగా చేతికందు ఏర్పాటు మాత్రము ఇంకను విస్తరింపలేదు. వైద్యుని చీటీతో పట్టణములో కొనవచ్చును. మన ఇల్లాలు పట్టణమునకు పోయి, పరిచయము లేని వైద్యుని ఎదుట నిలిచి, "నాకే జబ్బూ లేదు, కాని ఆ జబ్బు మందు కావాలి" అని అడుగవలెను. ఎంతమంది అడుగగలరు?

దీపము క్రింద చీకటి యను సామెత ఇచ్చట సరిపోవును. ఈ మందులను ప్రపంచమునకు చేసిపెట్టుచున్న కర్మాగారములలో కొన్ని హైదరాబాదు సంస్థలవే. ఇప్పుడు మరియొక అడుగు పడినది. లెనాకపవిర్ అను సూదిమందు ఆరు నెలలకొకసారి వేసికొన్నచో చాలును. ఆఫ్రికాలో 2,134 మంది యువతులకు ఇచ్చి చూడగా ఒక్కరికిని సోకలేదని 2024లో ప్రకటించిరి. 2025 జూన్‌లో అమెరికాలో అనుమతి లభించినది. జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది. అమెరికాలో దాని వెల ఏడాదికి వేల డాలర్లు. పేద దేశములకై దానిని చౌకగా తయారుచేయుటకు అనుమతి పొందిన ఆరు సంస్థలలో రెండు, డాక్టర్ రెడ్డీస్, హెటిరో, హైదరాబాదువి. 2027 నుండి ఏడాదికి 40 డాలర్లకే ఇత్తుమని 2025 సెప్టెంబరులో ప్రకటన వెలువడినది. ఇంట దాచుకొనవలసిన మాత్రల డబ్బా లేదు. అత్తగారి కంటబడు చీటీ లేదు. ఏడాదికి రెండు సూదులు. మన ఇల్లాలివంటివారికి ఇంతకంటె అనువైనది లేదు. వెల దిగివచ్చుచున్నది, కర్మాగారము మన రాష్ట్రమునకు పొరుగుననే యున్నది. ఆరోగ్య కేంద్రములో ఏ దినమున, ఏ గదిలో, ఏ పేరుతో ఇత్తురన్నదే ప్రశ్న. నా అభిప్రాయము అడిగినచో, దానికి వేరు గది వలదు, వేరు దినమును వలదు. మధుమేహము, రక్తపు పోటు చూపించుకొనువారి వరుసలోనే ఆమెయు నిలువవలెను.

చట్టము ఆమె పక్షముననే యున్నది. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 నుండి అమలుపరచిన హెచ్.ఐ.వి. చట్టము ప్రకారము అంగీకారము లేక పరీక్ష చేయరాదు. ఒకరి పరీక్షాఫలితమును మరియొకరికి చెప్పరాదు. బడిలో గాని, కొలువులో గాని, ఆసుపత్రిలో గాని ఈ కారణముచేత ఎవరిని త్రోసివేయరాదు. మన ఉపాధ్యాయులు ఇందలి బడి మాటను గుర్తుంచుకొనవలెను. ఒక పిల్లవాని తల్లిదండ్రులు నెలకొకసారి గుంటూరు పెద్దాసుపత్రికి ఎందుకు పోవుచున్నారో విచారించుట మన పని కాదు.

ఈ యేడు ఆ పాఠము వచ్చినపుడు నేను పుట త్రిప్పలేదు. చదివితిని. నోరు తడబడినది గాని ఆగలేదు. ఒకరిద్దరు నవ్విరి; నేను అనుకొన్నంత నవ్వలేదు. వెనుక బల్లనుండి ఒక బాలిక లేచి, "ఎవరికైనా సందేహం ఉంటే ఎవర్ని అడగాలి మాస్టారూ?" అన్నది. ఆరోగ్య కేంద్రములో నర్సమ్మను అడుగవచ్చుననబోయి, ఆ నర్సమ్మ ఆ బాలిక వీధిలోనే ఉండవచ్చునని తోచి ఆగితిని. ఎయిడ్స్ విషయమై ఎవరైనను రుసుము లేకుండ ఫోనులో మాట్లాడుటకు జాతీయ సంస్థ ఏర్పరచిన సంఖ్య 1097. దానిని నల్లబల్లపై పెద్ద అంకెలతో వ్రాసి, ఎవరు వ్రాసికొనుచున్నారో చూడకుండ, గంట మ్రోగువరకు బల్లవైపే తిరిగి నిలుచుంటిని.